చివర రెండు చిన్న కూతలు

కూత వేశాడు. వేశాడని నేనంటున్నాను, నేను లీలమ్మని, రైలు డ్రైవరు సీమోను పెళ్ళాన్ని, కాదన్నవాడు వచ్చి ఈ బల్ల ముందు నిలబడి కాదనమనండి. ఇంకో గంటలో వస్తాడు కూడా. ఇషాక్ భాయ్ జుమ్మా నమాజుకు పోతూ రేడియో రిపేరు దుకాణం షట్టరు సగం దించి, "లీలా బహెన్, మూడింటికి రైలాఫీసు చప్రాసీ వస్తడు, ఇంజన్ తయ్యారుంచు, మైసయ్యంట ఆని పేరు" అని టోపీ సర్దుకుంటూ వెళ్ళాడు. ఆయనకు అదొక పేరు. నాకు పదమూడేళ్ళుగా మరవని పేరు. చేతిలో సోల్డరింగ్ కడ్డీ వేడెక్కి ఉంది, పొగ ముక్కుకు తగులుతోంది, షట్టరు కింది సందులోంచి శాలిబండ రోడ్డు మీద నడిచేవాళ్ళ కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి, చెప్పులున్నవీ లేనివీ, అందులో ఏ కాళ్ళు ఆయనవో అని చూడ్డం నాకు సిగ్గుగానే ఉంది, అయినా చూస్తున్నాను. బల్ల మీద ఇంజను బోర్లా పడుకుని ఉంది, మూరన్నర పొడుగు, రేకూ ఇత్తడీ కలిపి ఇంజన్ల షెడ్డులో పనిచేసి రిటైరైన ఫిట్టరెవరో ఏడాదిపాటు చేసిన బొమ్మ. దీన్ని రేపు రైల్వే వాళ్ళ హాల్లో పెడతారట. చూడ్డానికి వచ్చినవాళ్ళు మీట నొక్కితే చక్రాలు తిరగాలి, ఇంజను రొప్పాలి, కూయాలి. మొట్టమొదట నొక్కేది పెద్ద సాబు. నిజం ఇంజన్లను ముక్కలు కోసి తూకానికి అమ్ముకుని, బొమ్మకు గొంతు పెట్టించుకుంటున్నారు, బాగుంది. గొంతు కూడా వాళ్ళే పంపారు, ఒక క్యాసెట్టు, అందులో ఏదో విలాయతి ఇంజను కూత. యాకుత్‌పురా లైను మీద బొగ్గు తిన్న ఇంజనుకు విలాయతి గొంతెందుకు? క్యాసెట్టు సొరుగులో పడేశాను. ఇషాక్ భాయ్ చూశాడు. "సాబ్ అడిగితే ఏం జెప్పాలె?" అన్నాడు. "లీలమ్మ పోగొట్టిందని చెప్పు భాయ్" అన్నాను. గడ్డం గోక్కుని ఊరుకున్నాడు, నా సంగతి ఆయనకు తెలుసు.

రొప్పడం సంగతి నిన్ననే తేలిపోయింది. చక్రం ఒక చుట్టు తిరిగితే ఇంజను నాలుగుసార్లు ఊపిరి వదలాలి, ఇరుసుకు రాగిరేకు తగిలించి నాలుగుసార్లు తాకేట్టు పెట్టాను. ఆవిరి చప్పుడుకు మాత్రం మంచి ట్రాన్సిస్టరు పనికిరాదు, చెడిపోయింది కావాలి. నేను పనిచేసే రేడియో ఫ్యాక్టరీలో సుయ్‌మని చప్పుడు చేసేవాటిని ఏరి చెత్త డబ్బాలో వేస్తాం, ఆ డబ్బాలోంచే నాలుగు తెచ్చాను, అందులో ఒకటి అచ్చం ఆవిరే. పనికిరాదని మీరు పారేసిందే ఇక్కడ పనికొచ్చింది చూడండి అని ఎవరితోనో అనాలనిపించింది, ఎవరితోనో నాకూ తెలుసు. స్పీకరును ఇంజను వెనక బొగ్గుపెట్టెలో దాచాను, చుట్టూ ఉన్ని గుడ్డ కుక్కాను, లేకపోతే కూత కాస్తా దోమ పాటవుతుంది. పైన నిజం బొగ్గే, నలగ్గొట్టి పలచటి గుడ్డకు అంటించాను. సీమోను చొక్కాలు ఎన్ని ఉతికినా జేబు మూలల్లో ఆ నలుసులే మిగిలేవి. ఆ చొక్కా ఒకటి ఇంకా ఉంది నా దగ్గర, ఉతకలేదు.

డ్రైవర్ల ఇళ్ళల్లో గడియారం ఉండేది కాదు. యాకుత్‌పురా స్టేషను వెనక మా వాడలో ఎవరి కూతకు ఎవరి పొయ్యి అంటుకుంటుందో పిల్లల్ని అడిగినా చెప్పేవాళ్ళు. కూత తాడు ఒకటే, ఆవిరి ఒకటే, లాగే చెయ్యి వేరు. పక్కింటి ఎల్లప్పది బారు కూత, తాడు తెంపేసేట్టు లాగేవాడు, అది వినగానే ఆయన పెళ్ళాం ఆగమ్మ "వచ్చిండు నా మొగడు, ఇగ లొల్లి షురూ" అని పొయ్యిలో కట్టె దోసేది. సీమోనుది అట్లా కాదు. రోడ్డు పట్టాలు దాటే గేటు ముందు, కూయాలని గుర్తు పెట్టిన బోర్డు దగ్గర ఒక పొడుగు కూత, మెల్లగా మొదలై నిండుగా సాగి, కాస్త ఆగి, చివర రెండు చిన్న కూతలు. పొడుగుది సర్కారుకు, చిన్నవి రెండూ నాకు. అవి వినపడగానే నేను బియ్యం కడిగేదాన్ని. కాచిగూడలో ఇంజను అప్పగించి, చేతులు కడుక్కుని, సైకిలెక్కి ఇల్లు చేరేసరికి గంజి వార్చి గిన్నె దించేదాన్ని. "గా రెండు నాకేనా?" అని పెళ్ళయిన కొత్తలో అడిగాను. నవ్వాడు. అవునని అనలేదు, కాదని అనలేదు, నవ్వుతూ కంచం దగ్గరికి లాక్కున్నాడు. నవ్వినప్పుడు మళ్ళీ గట్టిగా అడగాల్సింది, కానీ ఆ వయసులో నవ్వే జవాబనుకుంటాం.

ఆ రోజూ వినపడింది. పదమూడేళ్ళ కిందటి ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, చలి ఇంకా పూర్తిగా పోలేదు. పొడుగుది, ఆగి, రెండు చిన్నవి. బియ్యం కడిగాను, ఎసట్లో పోశాను, గంజి వార్చాను, ఎవరూ రాలేదు. పొద్దు వాలిందాకా గిన్నె మీద మూత కూడా తియ్యలేదు. గేటు తెరిచే ఉందట, కట్టెల బండి పట్టాల మీదికి వచ్చిందట, సీమోను ఇంజను గుద్ది బండి తోలే మనిషీ ఒక ఎద్దూ అక్కడికక్కడే. ఆ మనిషి పేరు కృష్ణయ్య. ఆ పేరు నేను మరచిపోలేదు, మరచిపోకూడదు కూడా, నా మొగుడి గోలలో ఆయన చావు చిన్నదైపోతే అది నా పాపం. తర్వాత ఎంక్వయిరీ. ముగ్గురు పెద్దమనుషులు, తిరిగే ఫ్యాను, కాగితాలు ఎగరకుండా వాటి మీద గాజు బిళ్ళలు. గేటు దగ్గర పనిచేసే మైసయ్య చేతులు కట్టుకుని నిలబడి, "కూత ఇనవడలే సాబ్. ఇనవడితే గేటు ఎయ్యకపోదునా?" అన్నాడు. కాగితం మీద కూత వినపడలేదు అని రాసి ఆయనతో వేలిముద్ర వేయించుకున్నారు. నేను లేచాను, ఎవరూ పిలవకుండానే లేచాను. "నేనిన్న సార్" అన్నాను. "ఎక్కడున్నావమ్మా అప్పుడు?" "వంటింట్లున్న." "రుజువేముంది?" నాకున్న రుజువే చెప్పాను. "అన్నం సార్. కూత ఇన్నంకనే బియ్యం కడిగిన." ఫ్యాను కింద ముగ్గురూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, చిన్నపిల్లని చూసి నవ్వినట్టు, అందుకే ఇంకా మండుతుంది. కూతలన్నీ ఒకేలా ఉంటాయమ్మా, ఇంటికి పో అన్నారు. ఒకేలా ఉంటాయట! పసిబిడ్డ ఏడుపు విని తల్లి లేస్తే, ఏడుపులన్నీ ఒకేలా ఉంటాయి పడుకోమ్మా అంటారా?

సీమోనును తాడు పట్టనివ్వలేదు మళ్ళీ. షెడ్డులో ఇంజన్లు కడిగే పని, బూడిద తోడే పని. నాలుగేళ్ళు బతికాడు. అన్నింటికంటే పెద్ద దెబ్బ ఆ కాగితం కాదు, ఆ కాగితం ఆయన లోపలికి పోయింది, అదీ దెబ్బ. మూడో ఏడు నుంచి అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపేవాడు. "లీలా, నేను నిజంగనే కూత వెట్టిన్నా?" అనేవాడు. "పెట్టినవ్." "నువ్వు ఇన్నవా?" "ఇన్న. బియ్యం గూడ కడిగిన." కొంచెంసేపు తినేవాడు. "గా దినమేనా? వేరే దినం కూతేమో, నువ్వు కలిపేసుకున్నవేమో?" ఇరవయ్యేళ్ళు ఇంజను నడిపిన మనిషి, తన చెయ్యి ఏం చేసిందో పెళ్ళాన్ని అడిగి తెలుసుకునే స్థితికి వచ్చాడు. దగ్గుతో మంచం పట్టిన ఆఖరి వారం కూడా అదే మాట. పాస్టరుగారు వచ్చి పాపాలు ఒప్పుకొమ్మంటే, "కూత వెట్టకపోతే అది పాపమే గదా అయ్యా, మరి పెట్టిన్నో లేదో నాకే ఎర్కలేదు" అన్నాడు. నాకు ఎర్కే, నాకు ఎర్కే అని మంచం పట్టె పట్టుకుని అరిచాను. పాస్టరుగారు నన్ను బయటికి పంపారు. సీమోను తన మీద తనకే అనుమానంతో పోయాడు. ఇందుకు నేను ఎవర్నీ క్షమించను. ప్రభువు క్షమించమన్నాడు, నాకు తెలుసు, ఆయనతో నేను తర్వాత మాట్లాడుకుంటాను.

ఆ తర్వాత సర్కారు రేడియో ఫ్యాక్టరీ. ముప్పయిమంది ఆడవాళ్ళం వరసగా కూర్చుని తీగలు అతికించే పని. ఆరునెలల్లో తెలిసింది, రేడియో పాడైతే దాని గుర్రుమనే చప్పుడు విని ఎక్కడ తప్పుందో నేను చెప్పగలను. సూపర్‌వైజరు మొదట నమ్మలేదు, పది సెట్లు వరసగా పెట్టి పరీక్ష చేశాడు, పదీ చెప్పాను. అప్పట్నుంచి మీటరు చూపించింది అనుమానమైతే "లీలమ్మను పిలువుండ్రి" అంటారు. రైలాఫీసులో సాక్ష్యానికి పనికిరాని చెవి ఇక్కడ సర్కారు ముద్ర వేసే ముందు ఆఖరి మాట. సాయంత్రాలు ఇషాక్ భాయ్ దుకాణంలో కూర్చోవడం అట్లా మొదలైంది. ఈ ఇంజను పని వచ్చిందని ఆయన అనగానే నేను చేస్తానన్నాను, ఆయన ఊపిరి పీల్చుకునేలోపల అన్నాను. ఇవాళ సెలవు పెట్టి మరీ వచ్చాను.

కూతను బొంగురు స్వరం ఒకటి, సన్న స్వరం ఒకటి కలిపి కట్టాను, ఏడు సాయంత్రాలు పట్టింది. రెండూ సరిగ్గా కలిస్తే అది హార్మోనియం. కొంచెం కలవకూడదు, కొట్లాడుకుంటున్నట్టుండాలి, అప్పుడే ఆవిరి గొంతు. ఎంతసేపు కూయాలి, ఎక్కడ ఆగాలి అనేదానికి డాల్డా డబ్బా మూత తీసుకుని గుండ్రంగా కోసి, అంచును ఆకురాయితో అరగదీశాను. అది మెల్లగా తిరుగుతుంది, అంచు ఎత్తుగా ఉన్నంతసేపు కూత, పల్లం వస్తే మౌనం. ఒక పొడుగు ఎత్తు, పల్లం, రెండు చిన్న ఎత్తులు. సీమోను ఇప్పుడు డాల్డా మూత మీద ఉన్నాడు. మొదటిసారి వినిపిస్తే ఇషాక్ భాయ్ చాయ్ గ్లాసు దించాడు. "మస్తుంది బహెన్. గని ఇంతసేపు ఏ డ్రైవరూ తాడు గుంజడు, ఆవిరంతా గట్లనే వోతది. ఇగ గా ఎనకాల ఎక్కిళ్ళ లెక్క రెండు హిచ్కీలేంది, ఇంజన్‌కు అజీర్తా?" నేను నవ్వలేదు. ఇంటికి పోయి పడుకుని ఆలోచిస్తే తెలిసింది, మా వంటింటి వెనక గోదాము గోడ ఉంది, కూత దానికి తగిలి తిరిగొచ్చేది. నేను గుర్తుపెట్టుకున్న పొడుగులో పావువంతు సీమోనుది కాదు, గోడది. మర్నాడు ఆ పావువంతు అరగదీసేశాను. అరగదీశాక ఆకురాయి పక్కన పెట్టేశాను. ఎందుకంటే పొడుగులో గోడ ఉంటే, ఆ రెండు చిన్నవాటిలో మాత్రం గోడ లేదని ఎవరు చెప్పాలి? అసలు ఆ రెండూ ఉన్నాయా, లేక పెళ్ళయిన కొత్తలో నాకు కావాలనిపించి నేనే పెట్టుకున్నానా? చూశావా సీమోనూ, నీ రోగం నాకంటుకుంది. వాటిని అరగదీయడానికి ఆకురాయి రెండుసార్లు ఆనించి రెండుసార్లు తీసేశాను. ఉండనీ. అబద్ధమైతే నా అబద్ధం. వాళ్ళ అబద్ధం పదమూడేళ్ళుగా ఫైల్లో ఉండొచ్చు గానీ నాది వాళ్ళ హాల్లోనే ఉండకూడదా?

ఆఖరి మర బిగించాను. మీటను చెక్క పీట పక్కన పెట్టాను, బొమ్మను మోసేవాడి చెయ్యి సరిగ్గా పడేచోట. సాబుకు అందంగా ముందు పెట్టొచ్చు, నేను పెట్టలేదు. షట్టరు కింద రిక్షా చక్రం ఆగింది. రెండు కాళ్ళు దిగాయి, కాకీ పంట్లాము, ఆఫీసు వాళ్ళిచ్చే నల్ల బూట్లు, ఎడమ బూటు పక్కకు అరిగింది. వంగి లోపలికి వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది, చేతిలో మడిచిన గొడుగు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా నన్ను చూడలేదు. చూశాక గొడుగును ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

"లీలమ్మా... ఇషాక్ భాయ్ లేడా?"

"నమాజుకు వోయిండు. నేనే ఇయ్యాలె. నేనే చేసిన."

"సాబ్ జెల్ది తెమ్మన్నడు. చీటీ ఇయ్యి, సంతకం వెడ్త." సంతకం నేర్చుకున్నాడన్నమాట.

"సూడకుంటనే వెడ్తవా మైసన్నా? గదే అలవాటైందా?"

ఆయన ముఖం చూడకూడదని, చూస్తే జాలి వస్తుందని, ఇంజను వైపే చూస్తూ మీట నొక్కాను. చక్రాలు తిరిగాయి, చెత్త డబ్బాలోంచి వచ్చిన ట్రాన్సిస్టరు రొప్పింది, డాల్డా మూత మెల్లగా కదిలింది. పొడుగు కూత రేకుల దుకాణం నిండా నిండి బయట రోడ్డు మీదికి పోయింది. ఆగింది. రెండు చిన్నవి. తలెత్తి చూస్తే మైసయ్య మడమలు కలిపి నిటారుగా నిలబడి ఉన్నాడు, గొడుగు పట్టుకున్న ఎడమ చెయ్యి పక్కకు చాచి భుజం ఎత్తున నిలబెట్టాడు, జెండా పట్టినట్టు. తన చెయ్యి అక్కడ ఉందని ఆయనకు తెలియదు. తెలిసేసరికి దించలేకపోయాడు.

"గవి నాయి" అన్నాడు.

"ఏవి?"

"ఆఖర్ల రెండు. నాకే కొడ్తుండె సీమోనన్న. 'మైసన్నా, ఉన్నవా' అన్నట్టు. నేను జెండ లేపుతుంటి."

గోడది కాదు. ఉన్నాయి, రెండూ ఉన్నాయి, నా చెవి నిజం. కానీ నావి కావు. ఇన్నేళ్ళు నేను బియ్యం కడిగింది గేటు దగ్గర మనిషికి చెప్పిన పలకరింపు విని. అందుకే నవ్వాడు సీమోను, కాదంటే నా ముఖం చిన్నబోతుందని. నొప్పి పుట్టింది, అవును, గుండెలో ఇక్కడ, దాచడమెందుకు. అయినా ఆ నొప్పిని పక్కన పెట్టి అడగాల్సింది అడిగాను.

"గా దినం?"

బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. మైసయ్య గొడుగు బల్ల మీద పెట్టాడు.

"కొట్టిండు. పొడుగుది కొట్టిండు, నాయి రెండు గూడ కొట్టిండు. నేను గేటు కాడ లేను లీలమ్మా. నీళ్ళ నల్ల కాడ బిందె వట్టుకొని ఉన్న. ఇన్న. ఉరికిన. అందలే." ఆగి అన్నాడు, "ముగ్గురు పిల్లలు..."

"కృష్ణయ్యకు గూడ ఉండిరి పిల్లలు. నాకు జెప్పకు."

ఇషాక్ భాయ్ చీటీ పుస్తకం తీశాను. సరుకు తీసుకునేవాడు పరీక్షించి చూసి ఏం చూశాడో రాయాలి, దానికొక గీత ఉంటుంది, ఎవరూ ఏమీ రాయరు, బాగుంది అని రాసి పారేస్తారు. కార్బను కాగితం సర్ది, ఆ గీత మీద పెద్ద అక్షరాలతో రాశాను: కూత వినపడినది. ఆ ఫైల్లో ఉన్న మాటకు సరిగ్గా ఎదురు మాట. చీటీ ఆయన వైపు తిప్పాను. వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. "గిది ఫైల్ల వెడ్తరు" అన్నాడు. "అందుకే రాసిన" అన్నాను. వచ్చే ఏడు రిటైరవుతాడు, పింఛను ఉంది, కలం కింద పెట్టేసి పోతాడనే అనుకున్నాను. పోతే ఇంజను ఇవ్వకూడదని, రేపు సాబు వేలు గాలిలో నొక్కుకోవాలని కూడా అనుకున్నాను. ఆయన కదల్లేదు.

"గిట్ల రాస్తే ఇయ్యాల్టిది అనుకుంటరు. గా దినం తారీకు గూడ ఎయ్యి."

వేశాను. నా చెయ్యి కాగితం చిరిగేంత గట్టిగా పడింది, కింది కార్బను కాపీ మీద కూడా తారీకు నల్లగా దిగింది. ఆయన సంతకం పెట్టాడు, 'మై' అక్షరం దగ్గర ఒకసారి ఆగి, తర్వాత ఆగకుండా. ఇంజనును నేనే ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాను. రిక్షా ఎక్కి ఒళ్ళో పెట్టుకున్నాడు. గొడుగు మరిచిపోయి వెళ్ళాడు.

రిక్షా ముందు చక్రం గుంతలో పడగానే ఇంజను కూసింది. నడిచేవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు, ఒకామె నవ్వింది. చెయ్యి మీట మీద పడి ఉంటుంది, పడేచోటే పెట్టాను. చీటీ కాపీ మడిచి రవికెలో దోపుకుని, షట్టరు పూర్తిగా ఎత్తి బయటికి వచ్చాను. రిక్షా మలుపు దగ్గర ఆగి ఉంది, ముందు బస్సు అడ్డం. అప్పుడు మళ్ళీ కూసింది. ఈసారి రిక్షా కదలడం లేదు. పొడుగుది, ఆగి, రెండు చిన్నవి. చిన్నవి ఆయనవి, ఉంచుకోనీ. పొడుగుది నాది. సర్కారుది కాదు, నాదే, ఎవరు వచ్చి కాదంటారో రమ్మనండి.